ఆరుగురి టీమ్‌కి ఏ వెబ్ ఫ్రేమ్‌వర్క్ నప్పుతుంది?

కొత్త ప్రాజెక్టు చేతికొచ్చిందంటే టీమ్‌లో మొదటి వాదన ఫ్రేమ్‌వర్క్ దగ్గరే, అంటే వెబ్ అప్లికేషన్‌ని ఏ తయారు చట్రం మీద కట్టాలన్న దగ్గరే మొదలవుతుంది. నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు జావాస్క్రిప్ట్‌తో రాసే నెక్స్ట్ జెఎస్ అంటాడు. ఏళ్ళ తరబడి జావాలో పని చేసిన సీనియర్ స్ప్రింగ్ బూట్ తప్ప ఇంకోటి ఒప్పుకోడు. పైథాన్‌తో రాసే జాంగో అయితే నెలలో లేపేద్దాం అని ఇంకొకరు అంటారు. ముగ్గురూ తమ చేతికి అలవాటైనదాన్నే చెబుతున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ప్రాజెక్టు మూడో ఏడులోకి వచ్చేసరికి ఇప్పుడున్నవాళ్ళలో సగం మంది ఉద్యోగాలు మారిపోయి ఉంటారు. అప్పుడు మిగిలినవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు ఈ కోడ్‌ని భయపడకుండా ముట్టుకోగలరా? నేను ఎంపిక మొత్తాన్ని ఈ ప్రశ్న మీదే నిలబెడతాను.

సెకనుకు ఇన్ని లక్షల రిక్వెస్టులు అని చూపించే స్పీడ్ పట్టికలను పక్కన పెట్టేయండి. మనలో చాలామంది కట్టే అప్లికేషన్లకు రోజు మొత్తం మీద అంత ట్రాఫిక్ రాదు. పేజీ నిదానంగా తెరుచుకుంటోందంటే పది సార్లలో తొమ్మిది సార్లు కారణం డేటాబేస్ దగ్గర దొరుకుతుంది. వెతకడం వేగంగా జరిగేలా ఇండెక్స్ వేయని టేబుల్ కావచ్చు, వంద ఆర్డర్ల జాబితా చూపించడానికి వందసార్లు డీలర్ పేరు కోసం వెళ్ళే క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) కావచ్చు. ఈ రెండో తప్పు జాంగోలోనూ చేయొచ్చు, పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అయిన లారావెల్‌లోనూ చేయొచ్చు, హైబర్నేట్ అనే డేటాబేస్ లైబ్రరీతో స్ప్రింగ్‌లోనూ చేయొచ్చు.

గాలిలో మాట్లాడకుండా ఒక పని ముందు పెట్టుకుందాం. భీమవరం వైపు రొయ్యల మేత అమ్మే డిస్ట్రిబ్యూటర్‌కి ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ కావాలనుకోండి. డీలర్లు ఫోన్లోంచి ఆర్డర్ పెడతారు. ఆఫీసులో అకౌంటెంట్ అరువు లెక్క చూసి ఓకే చేస్తాడు. గోడౌన్‌లో స్టాకు తగ్గాలి, తెలుగులో రసీదు రావాలి, శనివారం సాయంత్రానికి ఓనరుగారికి ఎక్సెల్ రిపోర్టు వెళ్ళాలి. టీమ్‌లో ఆరుగురు: ఇద్దరు సీనియర్లు, రెండు మూడేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ముగ్గురు, ఒక ఫ్రెషర్. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చిన్న టీములు చేసే పనిలో ఎక్కువ భాగం ఇలాంటిదే. ఫారాలు, జాబితాలు, ఎవరికి ఏది కనిపించాలన్న అనుమతులు, రిపోర్టులు. ఇకపై చెప్పేదంతా ఈ పనిని దృష్టిలో పెట్టుకునే.

పుట్టిన చోటును బట్టి గుణం

ఏ ఫ్రేమ్‌వర్క్‌నైనా ఎవరు, ఏ అవసరం కోసం మొదలుపెట్టారో చూస్తే దాని బలం ఎక్కడుందో సులువుగా అర్థమవుతుంది. జాంగో ఒక వార్తాపత్రిక ఆఫీసులో పుట్టింది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రిక వెబ్ విభాగంలో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో దాన్ని మొదలుపెట్టారు. 2005లో అందరికీ విడుదలైంది. పత్రికాఫీసులో పేజీ సాయంత్రానికల్లా కావాలి, డేటా ఎక్కించేవాళ్ళకి ప్రోగ్రామింగ్ రాదు. అందుకే జాంగోలో అడ్మిన్ (డేటా ఎక్కించి, సరిచూసుకునే ఆఫీసు స్క్రీన్లు) తయారుగా వస్తుంది. టేబుల్ ఎలా ఉండాలో మోడల్‌గా రాసి, రెండు మూడు లైన్లలో రిజిస్టర్ చేస్తే చాలు. జాబితా, వెతకడం, ఫిల్టర్లు, ఎడిట్ ఫారం, ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న చరిత్ర, అన్నీ వచ్చేస్తాయి.

మన మేత వ్యాపారంలో దీని విలువ చాలా ఎక్కువ. డీలర్ల వివరాలు, ధరల పట్టిక, గోడౌన్ల జాబితా మొదటి వారంలోనే అకౌంటెంట్ చేతిలో పెట్టొచ్చు. ఆయన నిజమైన డేటా ఎక్కిస్తుంటే, ఒకే డీలరుకి రెండు ఊళ్ళలో షాపులున్నాయని, ఒక్కో షాపుకి వేరే ధర ఉందని అప్పుడే బయటపడుతుంది. నాలుగో నెలలో తెలియాల్సిన సంగతి మొదటి నెలలో తెలుస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. జాంగో అడ్మిన్ ఆఫీసులో నమ్మకమైన మనుషుల కోసం. దాన్నే వంచి, రంగులు మార్చి డీలర్లకు చూపిద్దామని కూర్చుంటే, విడిగా స్క్రీన్ రాసుకోవడం కన్నా ఎక్కువ కష్టం అవుతుంది.

లారావెల్‌ని టేలర్ ఆట్‌వెల్ 2011లో తెచ్చారు. అప్పట్లో బాగా వాడుతున్న కోడ్ఇగ్నైటర్‌లో లాగిన్ లాంటి రోజువారీ అవసరాలకు ఏర్పాటు లేకపోవడం దాని వెనకున్న కారణాల్లో ఒకటి. రోజూ కావాల్సినవన్నీ ఒకచోట ఉండాలన్న పట్టుదల ఇప్పటికీ అందులో కనిపిస్తుంది. మెయిల్, వెనకాల వరుసగా నడిచే పనుల క్యూలు, టైముకి నడిచే పనులు, ఫైళ్ళ నిల్వ అన్నీ దానితోనే వస్తాయి. డాక్యుమెంటేషన్ ఎంత శుభ్రంగా ఉంటుందంటే, ఫ్రెషర్‌కి పక్కన కూర్చుని చెప్పాల్సిన అవసరం సగం తగ్గుతుంది. తయారు అడ్మిన్ దాంతో రాదు కానీ ఫిలమెంట్ అనే ఉచిత ప్యాకేజీ ఆ లోటు చాలావరకు తీరుస్తుంది. పీహెచ్‌పీ అనగానే కొందరు మొహం చిట్లిస్తారు. అది పదిహేనేళ్ళ కిందటి పీహెచ్‌పీ చూసినవాళ్ళ అభిప్రాయం. మామూలు పద్ధతిలో నడిపితే ప్రతి రిక్వెస్టుకీ పీహెచ్‌పీ ప్రోగ్రాం కొత్తగా మొదలై, అక్కడితో ముగుస్తుంది. అందువల్ల ఒకరు చేసిన మెమరీ పొరపాటు రోజంతా పేరుకుపోయి సర్వర్‌ని పడగొట్టడం అరుదు. అనుభవం తక్కువున్న టీమ్‌కి ఇది పెద్ద రక్ష.

స్ప్రింగ్ 1.0 వచ్చింది 2004లో, అప్పటి జావా ఎంటర్‌ప్రైజ్ పద్ధతులు మోయలేనంత బరువైపోయాయన్న విసుగులోంచి. ఆ స్ప్రింగ్‌కే కాన్ఫిగరేషన్ ఎక్కువైపోయాక 2014లో స్ప్రింగ్ బూట్ వచ్చింది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు దాన్ని వదలకపోవడానికి మంచి కారణమే ఉంది. రెండు వందల క్లాసులున్న కోడ్‌లో ఒక ఫీల్డ్ పేరు మార్చాలంటే, ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో కంపైలరే చూపిస్తుంది. ఇరవై మంది ఒకే కోడ్ మీద పదేళ్ళు పని చేయాల్సి వస్తే నేను ఇంకో మాట లేకుండా దీనివైపే వెళ్తాను. ఆరుగురితో నాలుగు నెలల్లో మొదటి వెర్షన్ తేవాలంటే మాత్రం ఆలోచించాలి.

జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే నోడ్ సంగతి వేరు. దాని మీద 2010లో వచ్చిన ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ చాలా చిన్నది. రూటింగ్ (ఏ అడ్రసుకి ఏ కోడ్ నడవాలో చెప్పడం), మిడిల్‌వేర్ (రిక్వెస్టుకి మధ్యలో నడిచే కోడ్) తప్ప అందులో పెద్దగా ఏమీ ఉండదు. డేటాబేస్ లైబ్రరీ, లాగిన్, వాలిడేషన్ (వచ్చిన డేటాను సరిచూడటం), క్యూ, ఫోల్డర్ల అమరిక అన్నీ మనమే ఎంచుకోవాలి. ఆరుగురుంటే ఆరు రకాలుగా ఎంచుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఒకే ప్రాజెక్టులో తేదీలకు రెండు లైబ్రరీలు, ఎర్రర్లకు మూడు పద్ధతులు కనిపిస్తాయి. నోడ్‌తోనే వెళ్ళాలని ఉంటే 2017లో వచ్చిన నెస్ట్ జెఎస్ తీసుకోండి. కోడ్ ఎక్కడ ఉండాలో అదే నిర్దేశిస్తుంది. ఇంకో సంగతి: నోడ్‌లో మన జావాస్క్రిప్ట్ ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకసారికి ఒకే పనిగా నడుస్తుంది. ఓనరుగారి ఎక్సెల్ రిపోర్టుకి లక్ష వరుసలు అక్కడే కూర్చుని లెక్క కడితే, ఆ కాసేపూ ఆర్డర్ పెట్టే డీలర్లందరూ ఆగిపోతారు. అలాంటి పనిని విడిగా వెనకాల నడిచే వర్కర్‌కి పంపాలని టీమ్‌లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

రూబీ భాషలో రాసే రైల్స్ గురించి ఒక్క మాట. 2004 నుంచి ఉంది, గిట్‌హబ్, షాపిఫై దాని మీదే ఎదిగాయి. 2024 నవంబరులో వచ్చిన రైల్స్ 8 చిన్న టీములకు మరీ అనువుగా ఉంది. క్యూకి, క్యాష్‌కి (మళ్ళీ మళ్ళీ కావాల్సిన డేటాను దగ్గర దాచుకునే చోటు) విడిగా రెడిస్ అనే స్టోరు పెట్టుకోకుండా డేటాబేస్‌తోనే నెట్టుకురావచ్చు. మన దగ్గర చిక్కల్లా రూబీ తెలిసినవాళ్ళు దొరకడం. మీ సీనియర్లిద్దరికీ రూబీ బాగా వచ్చి ఉంటే తీసుకోండి. లేకపోతే ఎంత ముచ్చటపడ్డా వద్దనే అంటాను.

ఒక్క సీను నాలుగు చోట్లా రాసి చూస్తే

ఫ్రేమ్‌వర్క్‌ల తేడా డెమోలో తెలియదు. టు-డూ జాబితా ఎందులో రాసినా ముద్దుగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టే సీను ఒకటి తీసుకోవాలి.

ఒక డీలరుకి 5 లక్షల అరువు పరిమితి ఉంది. ఇప్పటికే 4 లక్షల 60 వేలు బాకీ. ఆయన ఫోన్లో 30 వేల ఆర్డర్ పెట్టిన క్షణంలోనే వాళ్ళబ్బాయి షాపులో కంప్యూటర్ నుంచి ఇంకో 30 వేల ఆర్డర్ పెట్టాడు. రెండు రిక్వెస్టులూ ఒకేసారి డేటాబేస్‌లో బాకీ చూశాయి, రెండింటికీ 4.60 అనే కనిపించింది. కలిపితే 4.90, పరిమితి లోపే ఉంది కదా అని రెండూ సేవ్ అయిపోయాయి. బాకీ 5 లక్షల 20 వేలకు చేరింది. సోమవారం పొద్దున అకౌంటెంట్ ఫోన్ చేస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

దీనికి మందు తెలిసిందే. డేటాబేస్‌లో ఆ డీలర్ వరుసని ఇంకెవరూ మార్చకుండా లాక్ వేసి, బాకీ చదివి, ఆర్డర్ రాసి, ఆ తర్వాతే లాక్ వదలాలి. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అయితే అన్నీ అయ్యేలా, లేకపోతే ఏదీ కాకుండా జరగాలి. జాంగోలో అటామిక్ బ్లాక్‌తో ట్రాన్సాక్షన్ తెరిచి, క్వెరీకి సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ అనే లాక్ తగిలిస్తే సరిపోతుంది. ట్రాన్సాక్షన్ పెట్టడం మర్చిపోయి లాక్ ఒక్కటే రాస్తే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద జాంగో ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఇది నాకు చాలా నచ్చే గుణం. ఒక మెలిక ఉంది: ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద ఆ లాక్‌కి ఏ ప్రభావమూ ఉండదు, ఎర్రరూ రాదు. ప్రోగ్రామర్లు తమ లాప్‌టాప్‌లలో ఎస్‌క్యూలైట్ పెట్టుకుని, సర్వర్ మీద పోస్ట్‌గ్రెస్ నడిపితే ఇలాంటి తప్పు టెస్టింగ్‌లో బయటపడదు. మొదటి రోజు నుంచీ రెండు చోట్లా పోస్ట్‌గ్రెసే పెట్టండి.

లారావెల్‌లోనూ లాక్ ఫర్ అప్‌డేట్ అని అలాంటిదే ఉంది, రాయడం ఇంకా తేలిక. కానీ ట్రాన్సాక్షన్ బయట రాస్తే అది నోరెత్తదు. క్వెరీ అయిపోగానే లాక్ పోతుంది, కోడ్ చూడటానికి మాత్రం సరిగ్గానే ఉంటుంది. కోడ్ రివ్యూలో దీన్ని పట్టుకునే మనిషి టీమ్‌లో ఒకరైనా ఉండాలి.

స్ప్రింగ్‌లో ట్రాన్సాక్షనల్ అనే యానొటేషన్ (కోడ్‌కి తగిలించే గుర్తు) మెథడ్ మీద పెడితే మిగతాది అదే చూసుకుంటుందని ఫ్రెషర్లకు నేర్పుతారు. నిజానికి అందులో రెండు గుంటలున్నాయి. ఒకే క్లాసులో ఒక మెథడ్ ఇంకో మెథడ్‌ని నేరుగా పిలిస్తే ఆ యానొటేషన్ పని చేయదు, ఎందుకంటే స్ప్రింగ్ మామూలుగా ఆ పనిని బయట నుంచి వచ్చే పిలుపుల దగ్గర నిలబడే ప్రాక్సీతో చేయిస్తుంది. రెండోది, చెక్డ్ ఎక్సెప్షన్ (ముందే చూసుకోమని జావా పట్టుబట్టే రకం ఎర్రర్) వస్తే డిఫాల్ట్‌గా రోల్‌బ్యాక్ (చేసిన మార్పుల రద్దు) జరగదు. స్టాకు తగ్గి, ఆర్డర్ సేవ్ కాక, మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా తగ్గిన స్టాకు అలాగే కమిట్ అయి ఖాయమైపోవచ్చు. సీనియర్‌కి ఇవి కంఠస్థం. మూడో ఏడులో కొత్తగా చేరే మనిషికి ఎవరు చెబుతారన్నదే నా బెంగ.

నోడ్‌లో చాలామంది వాడే ప్రిస్మా అనే డేటాబేస్ లైబ్రరీలో వరుస లాక్‌కి నేరుగా మెథడ్ లేదు. ట్రాన్సాక్షన్ తెరిచి, ఆ ఒక్క చోటా డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ చేత్తో రాయాలి. సీక్వలైజ్, టైప్ఓఆర్ఎం లాంటివాటిలో లాక్ ఉంది. చేత్తో రాయడం పాపం కాదు, కానీ డబ్బు లెక్కలు ఎక్కువున్న చోట ఇలాంటి సందర్భాలు పదే పదే వస్తాయి.

తెలుగు సరిగ్గా వస్తుందా

పోలికల వ్యాసాల్లో ఇది ఎక్కడా కనిపించదు. మనకు మాత్రం తప్పించుకోలేని పరీక్ష.

రసీదు పీడీఎఫ్‌తో మొదలుపెట్టండి. పైథాన్‌లో రిపోర్ట్‌ల్యాబ్‌తో మామూలుగా తీసినా, లారావెల్‌వాళ్ళు ఎక్కువగా వాడే డాంపీడీఎఫ్‌తో తీసినా, ఫాంట్ సరిగ్గా ఎక్కించాక కూడా వత్తులు విడిపోతాయి. ‘రొయ్యల మేత’ అన్నది ‘రొయ్‌యల మేత’ లాగా పడుతుంది. అక్షరాలను కలిపి రూపం కట్టే పని ఆ లైబ్రరీలు తమంతట తాము చేయకపోవడమే కారణం. పైథాన్ వైపు వీజీప్రింట్ ఆ పని చేస్తుంది. పీహెచ్‌పీలో ఎంపీడీఎఫ్‌లో ఓపెన్‌టైప్ లేఅవుట్ ఆన్ చేస్తే తెలుగు బాగానే వస్తుంది. జావాలో ఐటెక్స్ట్‌తో వెళ్తే మన లిపుల కోసం డబ్బు పెట్టి కొనాల్సిన యాడ్ఆన్ ఉంది, ఆ ఖర్చు కొటేషన్‌లో ముందే వేసుకోండి. భాష ఏదైనా పని చేసే దారి ఇంకోటుంది. రసీదుని హెచ్‌టీఎంఎల్‌గా రాసి, వెనకాల తెర లేకుండా నడిచే క్రోమ్‌తో పీడీఎఫ్ తీయించడం. బ్రౌజర్‌లో ఎలా కనిపిస్తే కాగితం మీదా అలాగే పడుతుంది. మెమరీ కాస్త ఎక్కువ తింటుంది, అంతే.

తర్వాత యూఆర్ఎల్‌లు. జాంగోలో పేరు నుంచి స్లగ్ (పేజీ అడ్రసులో పెట్టే ముక్క) తయారుచేసే ఫంక్షన్ మామూలుగా తెలుగు అక్షరాలన్నింటినీ తీసిపారేస్తుంది. యూనికోడ్ అనుమతించమని చెప్పినా సమస్య తీరదు. అక్షరాల నమూనాలు వెతికే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కపెట్టవు, అందుకని ‘హైదరాబాద్’ ఇస్తే ‘హదరబద’ అయి కూర్చుంటుంది. ‘కాకి’, ‘కూక’, ‘కేక’ మూడూ ‘కక’ అవుతాయి. తెలుగు పేర్లతో పేజీలు కావాలంటే ఈ ఫంక్షన్‌ని మీరే తిరగరాసుకోవాలి. పది లైన్ల పనే, కానీ ముందు తెలిసి ఉండాలి.

వెతకడం విషయంలో ఫ్రేమ్‌వర్క్ మార్చి లాభం లేదు. పోస్ట్‌గ్రెస్ ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌లో హిందీకీ తమిళానికీ పదాల మూలం పట్టే ఏర్పాటు ఉంది, తెలుగుకి లేదు. ‘రొయ్యలకు’, ‘రొయ్యలతో’ దానికి రెండు వేరు వేరు మాటలు. అడ్మిన్ స్క్రీన్ల విషయానికొస్తే, జాంగోతో వచ్చే భాషల జాబితాలో తెలుగు ఉంది. అన్ని మాటలకూ అనువాదం ఉంటుందని అనుకోకుండా, మీ అకౌంటెంట్ చేత ఒకసారి చదివించి, నప్పనివి మార్చుకోండి.

స్క్రీన్ల కోసం రియాక్ట్ కావాలా

రియాక్ట్ అనే స్క్రీన్ల లైబ్రరీని ఫేస్‌బుక్ 2013లో బయటకు ఇచ్చింది. ఒక మూల ఏదో మారితే తెర మీద ఇంకో నాలుగు చోట్ల వెంటనే మారాల్సిన పేజీలకు అది గొప్ప సాధనం. మన మేత ఆర్డర్ల స్క్రీన్ అలాంటిది కాదు. ఫారం నింపడం, సేవ్ చేయడం, జాబితా చూడటం. దీనికి సర్వర్ నుంచే హెచ్‌టీఎంఎల్ పంపి, అక్కడక్కడా పేజీ మొత్తం రీలోడ్ కాకుండా హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న లైబ్రరీ వాడితే చాలు. ముందు భాగానికి విడి ప్రాజెక్టు, విడి బిల్డు, రెండు భాగాలూ మాట్లాడుకోవడానికి ఏపీఐ, రెండు చోట్లా వాలిడేషన్ పెట్టుకుంటే ఆరుగురి టీమ్ మీద భారం దాదాపు రెట్టింపవుతుంది. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది, తరచూ వాదనకు దారి తీస్తుంది కూడా. అయినా మార్చుకోవడానికి కారణం కనిపించలేదు.

ఒక సందర్భంలో మాత్రం లెక్క మారుతుంది. చెరువు గట్ల దగ్గర సిగ్నల్ అంతంత మాత్రం. అక్కడ నిలబడి ఆర్డర్ రాసుకుని, నెట్ వచ్చాక పంపాలంటే ఫోన్లో డేటా దాచే అప్లికేషన్ కావాలి. అప్పుడు ఏపీఐ తప్పదు, రియాక్ట్ లాంటిదో రియాక్ట్ నేటివ్ లాంటిదో తప్పదు. అప్పుడైనా డీలర్ల ఆర్డర్ స్క్రీన్ ఒక్కటి అలా చేసి, ఆఫీసు స్క్రీన్లన్నీ సర్వర్ పేజీలుగానే ఉంచండి.

నెక్స్ట్ జెఎస్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్ళు ఎక్కువగా అడిగేది దాన్నే. వార్తల సైట్లకూ, అమ్మకాల పేజీలకూ, గూగుల్‌లో కనిపించాల్సిన వాటికీ అది చాలా బాగుంటుంది. డబ్బు లెక్కల అప్లికేషన్‌కి వెన్నెముకగా నేను పెట్టను. దాని పద్ధతులు త్వరత్వరగా మారుతున్నాయి. 13, 14 వెర్షన్లలో యాప్ రౌటర్ అనే పద్ధతితో సర్వర్ నుంచి తెచ్చే డేటా డిఫాల్ట్‌గా క్యాష్‌లో ఉండిపోయేది. 2024 అక్టోబరులో వచ్చిన 15లో ఆ డిఫాల్ట్ తిరగబడింది. మేత ధర మార్చాక పాత ధరే కనిపించడం, కనిపించకపోవడం మీరు ఏ వెర్షన్ మీద ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుందన్నమాట. 2025 మార్చిలో మిడిల్‌వేర్‌లో పెట్టిన లాగిన్ తనిఖీని రిక్వెస్టుతో పంపే ఒక హెడర్‌తో దాటేయగల లోపం బయటపడింది. అదే ఏడాది డిసెంబరులో రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్లలో సర్వర్‌నే చేజిక్కించుకోగల తీవ్రమైన లోపం వచ్చింది. జావా ప్రపంచం కూడా 2021 డిసెంబరులో లాగ్4జె అనే లైబ్రరీలోని లోపంతో దెబ్బ తిన్నది, కాబట్టి ఎవరూ అతీతులు కారు. అడగాల్సింది ఒకటే: ఇలాంటి కబురు శుక్రవారం రాత్రి వస్తే, శనివారం పొద్దునకి ప్యాచ్ వేయగల మనిషి మీ టీమ్‌లో ఉన్నారా?

అప్‌గ్రేడ్ల క్యాలెండర్

మూడో ఏడు ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. జాంగో ఎనిమిది నెలలకో వెర్షన్ తెస్తుంది. వాటిలో చుక్క రెండుతో ముగిసే వెర్షన్లకు మూడేళ్ళ మద్దతు ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2కి 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. ఆ వెర్షన్ల మీదే నడుచుకుంటూ వెళ్తే, పెద్ద అప్‌గ్రేడ్ రెండేళ్ళకోసారి చేస్తే సరిపోతుంది. లారావెల్ ఏడాదికో వెర్షన్, ఒక్కోదానికి రెండేళ్ళ సెక్యూరిటీ మద్దతు. ఏటా కొంచెం కొంచెం చేసుకుంటే నొప్పి ఉండదు, రెండేళ్ళు వదిలేస్తే తడిసి మోపెడవుతుంది. స్ప్రింగ్ బూట్ ఆరు నెలలకోసారి వస్తుంది, ఉచిత మద్దతు ఒక్కోదానికి ఏడాది పైచిలుకు మాత్రమే. ఆ తర్వాత కావాలంటే డబ్బు కట్టాలి. పెద్ద కంపెనీలు కడతాయి, మేత డిస్ట్రిబ్యూటర్ కట్టడు.

గతంలో ఏం జరిగిందో చూస్తే ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. స్క్రీన్ల కోసం వాడే ఆంగ్యులర్ 2016లో రెండో వెర్షన్‌కి వచ్చినప్పుడు పాత ఆంగ్యులర్ జెఎస్‌తో తెగతెంపులు చేసుకుంది. పాతదానికి మద్దతు 2021 చివరితో ఆగింది, దాని మీద కట్టినవాళ్ళు దాదాపు మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. అదే కోవకి చెందిన వ్యూ 2 కథ 2023 డిసెంబరు 31తో ముగిసింది. స్ప్రింగ్ బూట్ 3 2022 నవంబరులో వచ్చినప్పుడు జావా 17 తప్పనిసరి అయింది, జావాఎక్స్ అని ఉన్న ప్యాకేజీ పేర్లు చాలావరకు జకార్తాగా మారాయి. మీ కోడ్‌లో మార్చడం ఒక పూట పని. మీరు వాడే నాలుగు పాత లైబ్రరీలు మారేదాకా ఎదురుచూడటం నెలల పని.

మనుషులు, సర్వర్లు

జావా తెలిసినవాళ్ళు హైదరాబాద్‌లో ఎప్పుడూ దొరుకుతారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో అదే, అమీర్‌పేట కోర్సుల్లోనూ అదే. పైథాన్ కూడా ఇప్పుడు దాదాపు అందరికీ వచ్చు, కానీ పైథాన్ రావడం వేరు, జాంగో రావడం వేరు. డేటా సైన్స్ కోసం నేర్చుకున్నవాళ్ళకి వెబ్ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. ఇంటర్వ్యూలో ఫ్రేమ్‌వర్క్ పేరు అడగకుండా, పైన చెప్పిన అరువు పరిమితి సీను ఇచ్చి ఎక్కడ తప్పు జరగొచ్చో అడగండి. అది చెప్పగలిగినవాళ్ళకి ఫ్రేమ్‌వర్క్ నేర్పడం కష్టం కాదు.

సర్వర్ల దగ్గర తేడా చిన్నదే. లారావెల్ మామూలు షేర్డ్ హోస్టింగ్ మీద కూడా నెట్టుకొస్తుంది, జాంగో చిన్న సర్వర్‌తో సరిపెట్టుకుంటుంది, స్ప్రింగ్ బూట్‌కి 1 జీబీ మెమరీ ఇరుకే. జాంగోలో వెనకాల నడిచే పనులకు సెలరీ అనే లైబ్రరీ లాంటిది విడిగా పెట్టుకోవాలి. 2025 డిసెంబరులో వచ్చిన 6.0లో టాస్కుల ఏర్పాటు చేర్చారు కానీ, వాటిని నడిపే వర్కర్ ఇంకా మనమే తెచ్చుకోవాలి. ఈ ఒక్క విషయంలో లారావెల్ స్పష్టంగా ముందుంది.

నేనైతే ఏది తీసుకుంటానంటే

ఈ పనికి, ఈ ఆరుగురికి, సీనియర్లలో ఒకరికైనా పైథాన్ బాగా వచ్చి ఉంటే జాంగో. అడ్మిన్, మైగ్రేషన్లు (టేబుళ్ళ మార్పులను నడిపే ఏర్పాటు), మూడేళ్ళ మద్దతు, తప్పు లాక్ రాస్తే నోరు తెరిచి చెప్పే గుణం, ఈ నాలుగూ కలిసి నన్ను అటు లాగుతాయి. టీమ్ ఇప్పటికే పీహెచ్‌పీలో నాలుగైదు ప్రాజెక్టులు చేసి ఉంటే లారావెల్, దాన్ని వదిలి జాంగోకి రావాల్సిన పని లేదు. సీనియర్లిద్దరూ జావావాళ్ళై, రేపు బ్యాంకులతో, పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌తో కలపాల్సిన పని కనిపిస్తుంటే స్ప్రింగ్ బూట్, కానీ మొదటి వెర్షన్‌కి ఒకటిన్నర రెట్లు టైము అడగండి. అందరికీ జావాస్క్రిప్ట్ ఒక్కటే వస్తే నెస్ట్, పోస్ట్‌గ్రెస్. ఎస్‌క్యూఎల్ గట్టిగా వచ్చినవాళ్ళు ఒకరు ఉండి తీరాలి.

ఇంకా రెండింటి మధ్య ఊగుతుంటే రెండు వారాలు కేటాయించి, అరువు పరిమితి సీనునీ, తెలుగు రసీదునీ, శనివారం రిపోర్టునీ రెండింటిలోనూ రాయించండి. రాసేది సీనియర్ కాకూడదు. రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళలో ఒకరికి ఇవ్వండి. సీనియర్లు ప్రశ్నలకు జవాబు చెబుతూ, ఏ ప్రశ్నలు ఎన్నిసార్లు వచ్చాయో రాసుకుంటే చాలు. తర్వాత ఆ కోడ్‌ని ఫ్రెషర్‌కి ఇచ్చి, ఆర్డర్‌కి కొత్తగా ‘లారీ నంబరు’ అనే గడి చేర్చమనండి. ఎవరినీ అడగకుండా ఎక్కడిదాకా రాగలిగారో చూస్తే ఎంపిక దాదాపు తేలిపోతుంది.

తేలాక ఎందుకు తీసుకున్నారో, దేన్ని ఎందుకు వద్దనుకున్నారో ఒక పేజీలో రాసి కోడ్‌తో పాటే ఉంచండి. ఆ వెర్షన్‌కి మద్దతు ముగిసే తేదీని ఈరోజే టీమ్ క్యాలెండర్‌లో పెట్టి, దానికి ఆరు నెలల ముందు అప్‌గ్రేడ్ పని మొదలయ్యేలా క్లయింటు ఒప్పందంలో ఒక లైను రాయించుకోండి. ఆ పనికి విడిగా డబ్బు ఉంటుందని ఓనరుగారికి మొదటి మీటింగ్‌లోనే చెప్పండి.